మార్జిన్‌లో గీత

“మా భూమి కమతమా, జిరాయితీయా సారూ?”

ఆయన చెప్పులు గుమ్మం అవతలే విడిచి వచ్చాడు. యూరియా బస్తా కత్తిరించి కుట్టించిన సంచి చేతిలో ఉంది, సంచి నిండా కాగితాలు. మాట వినగానే మనిషిది ఏ ఊరి చుట్టుపక్కలో పోల్చుకున్నాను. “దొరుకుద్దా”, “ఇస్తరా” అనే రెండు మాటలూ ఒకే నోట, ఒకే వాక్యంలో వస్తే ఆ మనిషి మా మునగాల పరగణా వాడే అయ్యుండాలి.

రికార్డు గదిలో నేను ముప్పై రెండేళ్లు పనిచేశాను. శాసనసభ బిల్లులు, వాటి మీద కూర్చున్న కమిటీల నివేదికలు, ఆ కమిటీల ముందుకొచ్చిన వినతిపత్రాలు, సాక్ష్యాలు నా ర్యాకుల్లో ఉండేవి. ఆఫీసు పేరు రాయను. పింఛను కాగితం మీద ఇంకా ఆ పేరే ఉంది. పైగా నేను సంతకం పెట్టిన ఒక తప్పు గురించి ఇందులో చెప్పాల్సి ఉంది, అది ఆఫీసుకు చుట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

“ఇక్కడికి ఎవరు పంపారు బాబాయ్?” అని అడిగాను.

“జమీందారీ తీసేసిన చట్టం మీద కమిటీ కూర్చుంది, ఆ కాగితాలు ఇక్కడ ఉన్నయ్యని వకీలు చెప్పాడు. ఒక ఆఫీసుకు పోతే మీది పాత కృష్ణా జిల్లా, అక్కడడుగు అన్నరు. అక్కడికి పోతే మీరు నల్లగొండలో కలిసిపోయిన్రు, కాగితాలు అటే పోయినయ్ అన్నరు. చార్జీలకే ఒక పుట్టి వడ్లు అయిపోయినయ్ సారూ.”

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మా పరగణా కథే అంత. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ద్వీపంలా మునగాల జమీందారీ. కంపెనీ వాళ్ల కాలం నుంచీ అది మద్రాసు వైపు లెక్క, కృష్ణా జిల్లాలో భాగం. పొలిమేర దాటితే రూపాయి మారేది, కోర్టు మారేది, కరణం రాసే లెక్క భాష కూడా మారేది. 1959లో మమ్మల్ని నల్లగొండ జిల్లాలో కలిపారు, 2016లో అదే సూర్యాపేట జిల్లా అయింది. జిల్లా ఎన్నిసార్లు మారినా భూమి ఏ చట్టం కింద రైతు చేతికొచ్చిందో అది మారదు కదా. పక్క ఊరి వాడు పహాణీ, ఖాస్రా, సేత్వార్ అంటుంటే మా వాడు అడంగల్, రైత్వారీ పట్టా అంటాడు. పక్కపక్క చేలే, కాగితాల పేర్లే వేరు.

నిజాం వైపు జాగీర్ల రద్దు 1949 ఆగస్టు 15న ఒక రెగ్యులేషన్‌తో అయిపోయింది. అప్పుడు అక్కడ సైనిక పాలన, సభ లేదు. బిల్లు లేదు కాబట్టి కమిటీ లేదు, కమిటీ లేదు కాబట్టి ఎవరు ఏమన్నారో తెలిపే సాక్ష్యమూ లేదు. మా ద్వీపానికి మాత్రం మద్రాసు శాసనసభ దారిన, పదేళ్ల వాదోపవాదాల మీదుగా అదే ఫలితం వచ్చింది. ఆ వాదోపవాదాలు అచ్చై ఉన్నాయి. రికార్డు గదివాడిగా నాకు తేడా అక్కడే కనిపిస్తుంది.

ఆ పెద్దాయనను కూర్చోబెట్టి, అటెండరు చేత టీ తెప్పించి, ర్యాకు నుంచి రెండు సంపుటాలు దించాను. ఆయనకు అవి పనికిరావని నాకు తెలుసు. అయినా దించాను. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి కాగితం చూపించకుండా పంపితే ఇంకొకరు తిప్పినట్టే అవుతుంది.

మొదటిది 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం. జమీందారీ రైతుకు సాగు హక్కు ఇచ్చిన చట్టం అది. రైతు చేతిలో ఉన్న జిరాయితీ భూమిని ఇష్టం వచ్చినట్టు లాక్కోవడం కుదరదని చెప్పింది. కానీ ఒక కిటికీ తెరిచి ఉంచింది. జమీందారు సొంత సాగు భూమికి ఆ రక్షణ వర్తించదు. ఆ సొంత భూమికి మూడో సెక్షన్ పదో క్లాజులో నిర్వచనం ఉంది. ‘ప్రైవేట్ ల్యాండ్’ అంటే జమీందారు సొంత సేద్యపు భూమి, దానిని ఏ పేరుతో పిలిచినా సరే అంటూ నాలుగు పేర్లు చెప్పారు: కంబట్టం, ఖాస్, సీర్, పణ్ణై.

“ఇందులో కమతం ఏదీ?” అన్నాడు పెద్దాయన.

“మొదటిదే బాబాయ్. కంబట్టం.”

“అది అరవ మాటలెక్క ఉందే?”

నిజమే. అరవ మాట, ఉత్తరాది మాట వరుసగా ఉన్నాయి కానీ మనం నాగలి పట్టుకుని పలికే మాట ఆ రూపంలో లేదు. ఈ చట్టం కింద ఎన్నో తగాదాలు ఆ నాలుగు మాటల చుట్టూనే తిరిగాయి. చేను కమతమని రుజువైతే రైతు కౌలుదారు మాత్రమే, ఈ ఏడు ఉంటాడు, వచ్చే ఏడు లేడు. జిరాయితీ అయితే పిల్లలకు దక్కుతుంది. మా తాత కాలంలో శిస్తు కట్టడానికి నడిగూడెం కచేరీకి వెళ్లేవారు. చేతిలో పైకం కంటే రశీదు మీద గుమాస్తా ఏ మాట రాస్తాడో అన్న బెంగే ఎక్కువగా ఉండేదట. చదువు రాని మనిషికి ఆ బెంగ ఎంతటిదో ఈ గదిలో పనిచేశాకే నాకు అర్థమైంది.

ఇంకో విచిత్రం చూపించాను. 185వ సెక్షన్. భూమి సొంతమని రుజువయ్యే దాకా సొంతం కాదనే భావించాలి అంటుంది, రైతు పక్షమే. అయితే తేల్చేటప్పుడు స్థానిక ఆచారాన్ని చూడాలి, 1898 జూలై 1కి ముందు ఆ భూమిని సొంత భూమిగా చెప్పి కౌలుకు ఇచ్చారా లేదా అన్నది చూడాలి అని కూడా ఉంది. చట్టమొచ్చింది 1908లో. మరి 1898 జూలై 1 ఎక్కడి నుంచి ఊడిపడింది? చట్టం పుస్తకంలో ఎక్కడా చెప్పరు. ఏ చట్టంలోనైనా ఇలాంటి తేదీ తగిలితే బిల్లు పుట్టిన కాగితాల్లోకే వెళ్లాలి. గెజిట్‌లో వేసిన ముసాయిదా, దాని కింద ఉద్దేశాలు-కారణాల ప్రకటన, సభలో మాటలు, సెలెక్ట్ కమిటీ నివేదిక. నా ఉద్యోగమంతా ఒక్క మాటలో చెప్పమంటే ఇదే. ఫలానా మాట, ఫలానా తేదీ ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరో అడుగుతారు, నేను కట్ట విప్పుతాను.

రెండో సంపుటం ప్రకాశం కమిటీది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో టంగుటూరి ప్రకాశం రెవిన్యూ మంత్రి. ఆ ఏడాదే మద్రాసు ఉభయసభల సభ్యులతో ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం మీద విచారణ కమిటీ వేశారు, ఆయనే అధ్యక్షుడు. కమిటీ జమీందార్లనూ రైతులనూ విన్నది. శిస్తు ఎంత ఉండాలి, చెరువులు ఎవరు బాగుచేయాలి, అడవిలో పుల్లా పుడకా తెచ్చుకోవచ్చా, పశువులు మేపితే పుల్లరి కట్టాలా – రైతు నెత్తిన ఉన్నవన్నీ అడిగింది. 1938లో నివేదిక ఇచ్చింది. నేల రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే మధ్యవర్తి మాత్రమే అని తేల్చింది. శిస్తులు 1802 శాశ్వత శిస్తు పరిష్కారం నాటి స్థాయికి దించాలన్నది.

అదే కాలంలో మునగాలలో నండూరి ప్రసాదరావు ముందుండి రైతుల్ని కూడగట్టాడు. జమీందారు మీద పోరాటం నడిచింది, జనం జైళ్లకు వెళ్లారు. ఆ జమీందారు నాయని వెంకటరంగారావు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినప్పుడు వెన్నుదన్నుగా నిలిచిన వారిలో ఆయన ఒకరు. ఆయన దగ్గర దివానుగా చేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టాడు, తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టాడు. తెలుగు పుస్తకానికి అంత చేసిన సంస్థానంలోనే రైతు తన చేను తనదని చెప్పుకోవడానికి జైలుకు వెళ్లాల్సి వచ్చింది. మా ఊళ్లో కొందరు రెండోది దాచి మొదటిదే చెప్తారు, ఇంకొందరు మొదటిది దాచి రెండోదే చెప్తారు. రికార్డు గదిలో రెండూ ఒకే ర్యాకులో ఉంటాయి, అక్కడ దాచడం కుదరదు.

ప్రకాశం నివేదిక మీద 1939లో సభలో చర్చ జరిగింది. అంతలో యుద్ధం వచ్చింది, అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక అటకెక్కింది. మళ్లీ దుమ్ము దులిపింది 1946 తర్వాతే. 1947లో శిస్తు తగ్గింపు చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం. రెండో దాని నంబరు 26. పదకొండో సెక్షన్ కింద రైతుకు రైత్వారీ పట్టా. పన్నెండో సెక్షన్ కింద జమీందారుకు, తన సొంత భూమి అని నిలబెట్టుకోగలిగిన దానికి పట్టా. చూశారా, మళ్లీ కమతమే. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట వదల్లేదు.

ఇక్కడ నా పని గురించి కాస్త నిదానంగా చెప్పాలి.

బిల్లు ఫైలును పై నుంచి చదవకూడదు. అడుగు నుంచి చదవాలి. ట్యాగుకు అన్నిటికంటే కింద గెజిట్‌లో వేసిన బిల్లు ఉంటుంది. దాని మీద కమిటీకి పంపాలన్న తీర్మానం, సభ్యుల జాబితా. ఆ పైన ప్రజల నుంచి వచ్చిన వినతులు – టైపు చేసినవి, చేత్తో రాసినవి, వేలిముద్రలు వేసినవి. తర్వాత ఏ రోజు ఎవరు వచ్చారో చెప్పే మినిట్స్. వాటి మీద సాక్ష్యం: ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. సాక్షికి తన మాట ఒకసారి చూసి దిద్దుకునే వీలుంటుంది, అందుకే ఆ కాగితాల మీద పెన్సిలు దిద్దుబాట్లు కనిపిస్తాయి. ఆ పైన ముసాయిదా నివేదిక, ఒప్పుకోని సభ్యుల అసమ్మతి పత్రాలు. అన్నిటికంటే పైన కమిటీ సవరించిన బిల్లు.

ఆ పై బిల్లే నాకు ఇష్టం. అందులో కమిటీ మార్చిన మాటల కింద గీత ఉంటుంది. కొత్తగా చేర్చిన వాక్యం పక్కన మార్జిన్‌లో నిలువు గీత ఉంటుంది. తీసేసిన చోట మూడు నక్షత్రాలు. బిల్లు చట్టమయ్యాక గీతలు పోతాయి, నక్షత్రాలు పోతాయి, నున్నగా అచ్చవుతుంది. చట్టం పుస్తకం కొనుక్కున్న వకీలుకు ఆ నున్నటి పేజీ మాత్రమే తెలుసు. గీతలున్న పేజీ చూస్తే ఎక్కడ లాగుడు పీకుడు జరిగిందో వెంటనే తెలుస్తుంది. ఒక క్లాజు పక్కన గీత పేజీ పొడవునా ఉంటే ఆ రోజు కమిటీ గదిలో భోజనాలు ఆలస్యమయ్యాయని మేం చెప్పుకునేవాళ్లం.

అసమ్మతి పత్రాన్ని మా అటెండరు ‘అలక కాగితం’ అనేవాడు. సభలో ఓటు ఓడిపోయినా తన మాట అచ్చులో ఉండాలని పట్టుబట్టిన సభ్యుడి కాగితం అది. నా అనుభవంలో మళ్లీ మళ్లీ అడిగి తీయించుకునే కాగితాలు అవే. పదేళ్ల తర్వాత చట్టం ఎక్కడ బెడిసికొట్టిందో చూస్తే, ఆ సంగతి పదేళ్ల ముందే ఏదో ఒక అలక కాగితంలో ఉంటుంది. ప్రతిసారీ అని అనను. చాలాసార్లు.

భాష సంగతి వేరే తలనొప్పి. సాక్షి తెలుగులో చెప్తాడు, కాగితం ఇంగ్లీషులో తయారవుతుంది. ‘పాలుకిచ్చాను’ అన్న మాట, ‘కౌలుకిచ్చాను’ అన్న మాట రెండూ ఇంగ్లీషులో ఒకటే అయిపోతాయి. పంటలో పాలు తీసుకోవడం వేరు, కౌలు వేరు అని పొలం చూసినవాడికి చెప్పనక్కర్లేదు. పాత సంపుటాల్లో ఇంగ్లీషు జవాబు చదువుతూ, ఈ రైతు ఏ మాట వాడి ఉంటాడా అని లోపల తెలుగులోకి తిప్పుకునేవాణ్ని. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక కూడా బిల్లు ముసాయిదా ముందు ఇంగ్లీషులోనే పుడుతూ వచ్చింది. తెలుగు కాపీ వెనకాల నడిచొచ్చేది, ఒక్కోసారి కుంటుతూ.

ఇక నా తప్పు.

నేను చేరినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో శాసన పరిషత్తు ఉండేది. 1958లో వచ్చి, 1985లో రద్దయింది. ఉన్నన్నాళ్లూ ముఖ్యమైన బిల్లుల మీద రెండు సభల సంయుక్త సెలెక్ట్ కమిటీలు కూర్చునేవి. రద్దయ్యాక సంయుక్త అన్న మాట చీటీల మీద నుంచి పోయింది. కట్టల చోటు కోసం వెతుకులాట మొదలైంది. కొన్నాళ్లకు పై నుంచి ఆదేశం వచ్చింది: గది ఖాళీ చేయాలి, అవసరం లేనివి తీసేయాలి.

రికార్డు వాళ్లకు ఒక వర్గీకరణ ఉంటుంది. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అంటే పదేళ్లు. ఇంకా తక్కువ కాలం ఉంచేవి ఎల్.డిస్. కమిటీ నివేదిక అచ్చయింది కాబట్టి నివేదిక శాశ్వతం, మరి అచ్చుకెక్కని టైపు సాక్ష్యాలు, దిద్దుబాటు కాపీలు? నివేదిక ఉండగా అవెందుకన్నారు. పదేళ్లు ఎప్పుడో దాటాయి. జాబితా నేనే రాశాను, దాని కింద సంతకం నాదే. తూకం వేసి కాగితాల టెండరు వాడికి ఇచ్చేశాం. ఎర్ర గుడ్డ రుమాళ్లు మాత్రం విప్పి ఉంచుకున్నాం, మళ్లీ కట్టలకు పనికొస్తాయని. గుడ్డ మిగిలింది, మాట పోయింది. ఆ రోజు నాకు అలా తోచలేదు. గది విశాలమైందని సంతోషించాను, కిటికీ తలుపు చాలా ఏళ్ల తర్వాత పూర్తిగా తెరుచుకుంది.

పదేళ్లు గడిచాయి. ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఒక పాత భూమి బిల్లు మీద కమిటీ ముందు వ్యవసాయ కూలీల తరఫున ఎవరో మాట్లాడారని విన్నదట, ఆ మాటలు కావాలి. నివేదిక తెచ్చిచ్చాను. వెనక అనుబంధంలో సాక్షుల జాబితా ఉంది: తేదీ, పేరు, ఎవరి తరఫున. కావలసిన పేరు ఉంది. ఆమె వేలు ఆ పేరు మీద పెట్టి, “ఈయనేమన్నారో ఎక్కడుంది సార్?” అని అడిగింది.

“లేదమ్మా” అన్నాను.

“పోయిందా?”

“పోలేదు. పంపేశాం.”

ఆమె ఇంకేమీ అడగలేదు. నోట్సులో ఏదో రాసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ప్రకాశం కమిటీ సంపుటాలు ఎందుకు బతికాయా అని ఆలోచించాను. అవి గొప్పవి కావడం వల్ల బతకలేదు. సాక్ష్యాలూ మెమొరాండాలూ నివేదికతో పాటు అచ్చు వేశారు, అందుకు బతికాయి. అచ్చయ్యాక నాలుగు లైబ్రరీలకు వెళ్లాయి. ఒక చోట చెదలు తింటే ఇంకో చోట ఉంది. మాలాంటి గుమాస్తా ఒకడు జాబితా రాసి పారేసినా పోలేదు. మేం పారేసినవి ఒక్కొక్కటే కాపీ. అది తెలిశాక ఇంకెప్పుడూ సాక్ష్యం కాగితాన్ని డి.డిస్‌లో పెట్టలేదు. పై వాళ్లు అడిగితే చోటు ఉందని అబద్ధం చెప్పేవాణ్ని. మెట్ల కింద, బీరువాల వెనక, ఒకసారి పాడైపోయిన కూలరు పెట్టెలో కూడా దాచాను. బూజు పట్టకుండా థైమాల్ పొగ పెట్టించేవాణ్ని, చిరిగిన వాటికి పల్చటి టిష్యూ కాగితం గంజితో అతికించేవాళ్లం. ఆ గంజి మా అటెండరు నాకంటే బాగా చేసేవాడు. ఇంట్లో మైదా అట్లు కూడా అంత బాగా రావు అని భార్య తిడుతుందని నవ్వేవాడు.

ఇప్పుడు కొత్త కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు, అంతా కంప్యూటర్‌లో ఉంటే ఇంకేం భయం అని. నా భయం కంప్యూటర్ గురించి కాదు. దానిలో పెట్టడానికి కమిటీ కాగితం పుట్టాలి కదా. 2020 సెప్టెంబరులో తెలంగాణ భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల బిల్లు 9వ తేదీన సభలోకి వచ్చింది, 11న అసెంబ్లీ ఆమోదం పొందింది. ఆ రెండు రోజుల మధ్య కమిటీ లేదు, సాక్షి లేడు, అలక కాగితం లేదు, మార్జిన్‌లో గీత లేదు. సభలో మాట్లాడిన మాటలుంటాయి, సరే. కానీ మునగాల మండలంలో రైతు ఒకడు వచ్చి మా సర్వే నంబరు ఇలా ఉంది, మీ కాలమ్ ఇలా ఉంది, ఇది ఎక్కడ పడుతుంది అని అడిగిన జవాబు ఏ ఫైలులోనూ లేదు. ఆ తర్వాత తెచ్చిన భూభారతి చట్టానికి మాత్రం 2024 ఆగస్టులో ముసాయిదాను జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగారు. మంచి పని. ఆ వచ్చిన అభిప్రాయాలను ఎవరైనా కట్ట కట్టి దాచాలని నా కోరిక.

ఆంధ్ర వైపు ఇంకో రకం ఫైలు ఉంది. 2007లో పరిషత్తు మళ్లీ వచ్చింది. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానని పరిషత్తు చైర్మన్ షరీఫ్ ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడలేదు. అయిదు రోజులకు పరిషత్తునే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనేది నా పని కాదు. ముప్పై రెండేళ్లు కట్టలు కట్టిన వాడిగా నాకొకటే ఆశ్చర్యం. పేరు పెట్టి, ప్రకటించి, ఒక్క సమావేశమూ జరగని కమిటీకి రికార్డు గదిలో ఏ చీటీ అంటించాలి?

మళ్లీ మా పెద్దాయన దగ్గరకు వస్తాను. టీ తాగాక అసలు సంగతి చెప్పాను. “బాబాయ్, ఈ పుస్తకాల్లో మీ సర్వే నంబరు ఉండదు. ఇందులో చట్టం ఎలా వచ్చిందో ఉంది. మీ చేను ఏమయిందో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఉంటుంది. జమీందారీలు తీసేశాక ఊరూరా సర్వే చేసి రాసిన లెక్క అది. ఎస్.ఎఫ్.ఎ నకలు కావాలని రాసి అర్జీ పెట్టండి. కమతమా జిరాయితీయా అనేది నోటితో అడగకండి, కాగితం మీద అడగండి.” అర్జీ నేనే రాసిచ్చాను. ఊరి పేరు పాత కృష్ణా జిల్లా లెక్కలో, నందిగామ తాలూకా అని కూడా రాశాను. ఆ ముక్క లేకే ఇన్నాళ్లూ తిప్పుతున్నారని నా అనుమానం.

నాలుగు నెలలకు వచ్చాడు. నకలు దొరికింది. భూమి జిరాయితీ, ఆయన తాత పేరు ఉంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది, దానికి మళ్లీ వేరే అర్జీ. కంది పప్పు మూటతో పాటు ఒక పాత రశీదు తెచ్చాడు. జమీందారీ కాలం నాటి శిస్తు రశీదు, తాతది. “ఇది కూడా మీరే దాచండి సారూ” అన్నాడు.

రశీదు మెరుస్తోంది. కాగితం పాడైపోతుందని జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాడు. వేడికి కాగితం ముడతపడి గోధుమరంగుకు తిరిగింది, కచేరీ గుమాస్తా సిరా సగం ప్లాస్టిక్‌కు అంటుకుపోయింది. తాత పేరు చదవగలిగాను. భూమిది ఏ రకమో రాసిన ముక్క చదవలేకపోయాను.

మునగాల, నడిగూడెం, కోదాడ చుట్టుపక్కల మీ ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో అలాంటివి ఉంటాయి. జమీందారీ రశీదులు, రైతు సంఘం వినతుల నకళ్లు, కమిటీకి పంపిన మెమొరాండాలు, తాతల వేలిముద్రలున్న ముచ్చిలికలు. లామినేషన్ చేయించకండి. సెల్లోటేపు అంటించకండి. నూనె చేతులతో ముట్టుకోకండి, గుండుసూది గుచ్చకండి. తెల్ల కాగితం మధ్య పెట్టి, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, నేల మీద కాకుండా అటక మీద కాకుండా గాలి తగిలే బీరువాలో ఉంచండి. ఎండలో పెట్టకుండా ఫోనుతో రెండు వైపులా ఫొటో తీసి, ఒక కాపీ మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఒక్కటే కాపీ ఉన్న కాగితం ఎలా పోతుందో నాకు తెలుసు.